నవ్య చిత్రకళయు తెలంగాణ పల్లెయు

ఆధునిక చిత్రకళ యన్నంతనే "అది పట్టణములవారి విద్య, మనకు తెలియునది కాదు" అని ప్రక్కకు తొలగువారు పల్లెలలో పెక్కురు కలరు. కన్ను ఒకచోట, ముక్కు ఒకచోట నున్న బొమ్మను చూచి చదువుకొన్నవారు సైతము నవ్వి పోవుదురు. ఇట్టి యభిప్రాయమునకు కారణము లేకపోలేదు. ఆ చిత్రములు పల్లెకు వచ్చుట అరుదు. వచ్చినను వానిని వివరించి చెప్పువారు తక్కువ. కాని ఆ కళ నడచి వచ్చిన త్రోవను మొదటినుండి వెదకికొని పోయినచో, దాని వేళ్ళు కొన్ని పల్లెమట్టిలోనే కలవని తెలియవచ్చును.

దోమకొండను నడుమ నుంచుకొని నాలుగు దిక్కులు పరికించినచో ఈ మాట స్పష్టమగును. ఉత్తరమున గోదావరి కావల, కొయ్యబొమ్మలకును బంగారువన్నె చిత్రములకును పేరుగన్న నిర్మల కలదు. ఆగ్నేయమున కాపు రాజయ్య జీవితమంతయు గడపిన సిద్ధిపేటయు, దాని కావల నకాషీ పటములకు నెలవైన చేర్యాలయు కలవు. తూర్పున, నాటి కరీంనగరు జిల్లాలో, పాకాల తిరుమలరెడ్డి పుట్టిన అన్నారమును, తోట వైకుంఠము పుట్టిన బూరుగుపల్లియు కలవు. దక్షిణమున, నాటి మెదకు జిల్లాలో, లక్ష్మాగౌడు పుట్టిన నిజాంపూరు కలదు. భారతదేశ నవ్య చిత్రకళా చరిత్రలో స్థానము సంపాదించినవారు ఇందఱు ఈ చుట్టుపట్లనే జన్మించుట విశేషము. వీరు పల్లెను విడిచి వెళ్ళి ఏమి నేర్చిరి, తిరిగి వచ్చి పల్లెలో ఏమి కనుగొనిరి యనునదే ఇచ్చట విచారింపదగిన విషయము.

నకాషీ పటము

ఛాయాచిత్రములును అచ్చుబొమ్మలును రాకమునుపు తెలంగాణ పల్లెలో పటమనగా గోడకు వ్రేలాడునది కాదు. కథతోపాటు ఊరికి వచ్చి, కథతోపాటు వెడలిపోవునది. చేర్యాల నకాషీలు ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల జిగురు కలిపి పూతపూసి ఆరబెట్టుదురు. దానిపై ఎఱ్ఱని రంగు పఱచి, అడ్డగీతలతో అరలుగా విభజించి, ఒక్కొక్క అరలో కథయందలి ఒక్కొక్క ఘట్టమును చిత్రింతురు. ఇట్లు సిద్ధమైన పొడుగాటి పటమును చుట్టగా చుట్టి, కథకులు ఊరూర తిరుగుచుండెడివారు. పద్మశాలీలకు మార్కండేయుని కథ చెప్పువారు కూనపులివారు. గౌడులకు వారి పురాణము చెప్పువారు గౌడజెట్టీలు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పువారు కాకిపడగలవారు. మాదిగలకు జాంబపురాణము చెప్పువారు డక్కలివారు. కథకుడు పటమును మెల్లమెల్లగా విప్పుచు, బొమ్మను చూపుచు పాడుచుండగా, వినువారికి తమ కులపు పుట్టుపూర్వోత్తరములు కన్నులయెదుట నిలిచెడివి.

ఈ పటములలోని బొమ్మలకు నీడలు లేవు. దూరముననున్న వస్తువు చిన్నదిగా కనబడవలెనను నియమము లేదు. కథలో ముఖ్యుడైనవాడు పెద్దగాను, తక్కినవారు చిన్నగాను ఉందురు. రంగులు కలగాపులగము కాక, ఎఱుపు ఎఱుపుగాను పసుపు పసుపుగాను నిలుచును. విశాలమైన కన్నులు, గట్టియైన గీత, చదునైన రంగు - ఇవియే నకాషీ యొక్క పరికరములు. ఇది చేతగానితనము కాదు. దీపపు వెలుతురులో, దూరముగా కూర్చున్న జనమునకు కథ తెలియవలెనన్న, ఇంతకంటె తగిన పద్ధతి వేరొకటి లేదు.

కొలమానము మారుట

పందొమ్మిదవ శతాబ్దమున ఈ స్థితి మారసాగెను. 1850లో మదరాసునందును, ఆ పిమ్మట కలకత్తా, బొంబాయి నగరములందును ఆంగ్లేయుల ఏలుబడిలో చిత్రకళాశాలలు వెలసెను. వానిలో ఐరోపా పద్ధతి బోధింపబడెను. వెలుగునీడలతో, దూరము దగ్గరల భేదముతో, వస్తువు కంటికి తోచినట్లే దింపుట ఆ పద్ధతికి ప్రాణము. కేరళ దేశీయుడగు రాజా రవివర్మ (1848-1906) తైలవర్ణములతో ఆ పద్ధతిని సాధించి, మన పురాణ గాథలను చిత్రించెను. 1894లో ఆయన నెలకొల్పిన ముద్రణాలయమునుండి లక్ష్మీ సరస్వతుల బొమ్మలు వెలువడి దేశమంతట వ్యాపించెను. గుడిలోనికి పోవుటకు వీలులేనివారి యింట కూడ దేవుని పటము నిలిచెను. ఇది చిన్న మేలు కాదు.

అయితే దీనితోపాటు మఱియొక మార్పు వచ్చెను. మంచి బొమ్మ యనగా అచ్చముగా మనిషివలె నుండవలెనను కొలమానము జనుల మనస్సులలో స్థిరపడెను. ఆ కొలమానముతో చూడగా నకాషీ పటము మోటుగా కనబడెను. పల్లెవాడు తన బొమ్మను తానే తక్కువగా చూచుకొనుట ఆనాటినుండియే ప్రారంభమైనది.

ఐరోపాలో తిరుగుబాటు

విచిత్రమేమన, మన దేశమున ఆ పద్ధతి పాదుకొనుచున్న కాలముననే, దాని పుట్టినింట దానిపై తిరుగుబాటు సాగుచుండెను. 1839లో పారిసు నగరమున ఛాయాచిత్ర విద్య లోకమునకు ప్రకటింపబడెను. ఉన్నది ఉన్నట్లు చూపు పని యంత్రము చేయగలిగినపుడు చిత్రకారుడు చేయవలసిన పని యేమి యను ప్రశ్న క్రమముగా తలయెత్తెను. 1874లో మోనే, రెన్వా, పిస్సారో మున్నగువారు పారిసులో తమ చిత్రములను తామే ప్రదర్శించిరి. వస్తువును గాక, దానిపై క్షణక్షణము మారు వెలుతురును వారు చిత్రించిరి. ఇవి పూర్తికాని బొమ్మలని విమర్శకులు ఎగతాళి చేసిరి. ఆ ఎగతాళి మాటయే 'ఇంప్రెషనిజము' అను పేరుగా నిలిచినది.

వారి వెనుక వచ్చిన వాన్ గో జపాను దేశపు అచ్చుబొమ్మలను చూచి, చదునైన రంగుల శక్తిని గ్రహించెను. గోగాఁ పట్టణ నాగరికతతో విసిగి పసిఫిక్ సముద్ర ద్వీపములకు పోయి, అచ్చటి జనుల జీవితమును గాఢమైన వర్ణములతో చిత్రించెను. సెజాన్ కొండను, పండును, కూజాను వాని మూలాకృతులుగా చూడవలెనని తలంచెను. 1907లో పికాసో, ఆఫ్రికా దేశపు కొయ్యముఖములచే ప్రభావితుడై, మనుష్యాకృతిని పలకలు పలకలుగా విఱిచి చిత్రించెను. ఆ మార్గమున పికాసో, బ్రాక్ అను నిరువురును 'క్యూబిజము' అను పద్ధతిని వెలయించిరి.

ఈ పద్ధతి పేరు విని బెదరవలసిన పనిలేదు. కుండను ఎఱిగినవాడు దాని మూతి గుండ్రమని ఎఱుగును, దాని కడుపు ఉబ్బెత్తు అనియు ఎఱుగును. కాని ఒకచోట నిలిచి చూచినచో రెండును పూర్తిగా కనబడవు. కనబడునంతయే చిత్రింపవలెనా, తెలిసినది కూడ చిత్రింపవలెనా? తెలిసినది చిత్రింపవచ్చునని క్యూబిజము చెప్పెను. నకాషీ కూడ, కనబడినదానికంటె తెలిసినదానికే పెద్దపీట వేసెను. ఐరోపావారు నాలుగువందల యేండ్ల నియమములను త్రోసిపుచ్చి చేరిన చోటు, చేర్యాల నకాషీ యెన్నడును వీడని చోటునకు మిక్కిలి దాపున నుండుట గమనింపదగినది. రెంటికిని భేదము లేదని కాదు. నకాషీ పెద్దల బాటను నడచెను; నవ్య చిత్రకారుడు పెద్దల బాటను కాదని తన బాటను ఏరుకొనెను.

స్వదేశీ చూపు

మన దేశమున ఈ మేలుకొలుపు కలకత్తాలో ప్రారంభమయ్యెను. అచ్చటి ప్రభుత్వ చిత్రకళాశాలకు అధ్యక్షుడుగా నుండిన హావెల్ అను ఆంగ్లేయుడు, భారతీయులు ఐరోపా బొమ్మలకు నకళ్ళు వ్రాయుట మాని తమ ప్రాచీన కళను చూడవలెనని బోధించెను. అవనీంద్రనాథ ఠాకూరు ఆ మార్గమున నడచి, శిష్యులను తీర్చెను. 1907లో ప్రాచ్యకళా సంఘము వెలసెను.

ఈ చరిత్రలో హైదరాబాదు రాజ్యమునకును భాగము కలదు. అజంతా గుహలు నాడు నిజాము రాజ్యములోనివి. 1909-11 సంవత్సరముల నడుమ లేడీ హెరింగ్‌హామ్ అజంతా చిత్రములకు ప్రతులు వ్రాయించినపుడు, కలకత్తానుండి వచ్చిన నందలాల్ బోసు మున్నగువారితోపాటు హైదరాబాదు చిత్రకారులగు సయ్యద్ అహమ్మదు, ఫజలుద్దీనులు కూడ పనిచేసిరి. తరువాత ఆ రాజ్యపు పురావస్తుశాఖాధిపతియగు గులాం యాజ్దానీ అజంతా చిత్రములను గ్రంథములుగా ప్రకటించెను. 1937లో అమృతా షేర్‌గిల్ దక్షిణ దేశ జీవితమును చిత్రించిన ప్రసిద్ధ చిత్రములకు అజంతా దర్శనమే ప్రేరణ. పారిసులో చదివిన ఆమెకు సైతము అజంతా గుహలే క్రొత్త గురుకులమైనవి.

ఆంధ్రతీరమున రాజమహేంద్రవర కళాశాలాధ్యక్షుడగు ఆస్వాల్డ్ కూల్డ్రే విద్యార్థులలో ఇరువురిని గుర్తించి ప్రోత్సహించెను. ఒకడు దామెర్ల రామారావు. వేరొకడు అడివి బాపిరాజు. రామారావు బొంబాయి జే.జే. కళాశాలలో చదివి, స్వస్థలమునకు తిరిగి వచ్చి చిత్రకళాశాలను నెలకొల్పెను. తెలుగునాటి మనుష్యులను, గోదావరి సీమను తనదైన తీరుతో చిత్రించెను. 1925లో మశూచికము సోకి, ఇరువదియెనిమిది యేండ్లు నిండకయే కన్నుమూసెను. బాపిరాజు మచిలీపట్టణపు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయుని యొద్ద శిష్యరికము చేసెను. ఆయన తరువాత హైదరాబాదునకు వచ్చి 'మీజాన్' తెలుగు పత్రికకు సంపాదకుడై యుండుట తెలంగాణ పాఠకులలో పెద్దలు ఎఱుగుదురు.

అయితే ఈ తొలి స్వదేశీ చిత్రకారుల చూపు పురాణములపైనను, గతవైభవముపైనను నిలిచినంతగా, కన్నులయెదుటి పల్లెపై నిలువలేదు. ఆ కొఱతను తీర్చినవారు ముఖ్యముగా ఇరువురు. జామినీ రాయ్ వంగదేశపు పటువాల బొమ్మలను గురువులుగా గ్రహించి, తాను నేర్చిన ఐరోపా పద్ధతిని విడిచిపెట్టెను. నందలాల్ బోసు 1938లో గాంధీ మహాత్ముని కోరికపై హరిపుర కాంగ్రెసు మహాసభకు చిత్రములు వ్రాయుచు, రైతును, చేతిపనివారిని, వాద్యకారులను చిత్రించెను. సభకు వచ్చిన పల్లెజనుల కొఱకు పల్లెజనుల బొమ్మలనే వ్రాసి నిలుపుట ఒక క్రొత్త సంగతి.

హైదరాబాదు రాజ్యమున నవ్యత

పాకాల తిరుమలరెడ్డి (1915-1996) అన్నారమునుండి బయలుదేరి, బొంబాయి జే.జే. కళాశాలలో 1939లో పట్టభద్రుడయ్యెను. 1941లో మజీద్, భోప్లే, కులకర్ణి, బాప్టిస్టా అను మిత్రులతో కలిసి సమకాలిక చిత్రకారుల బృందముగా ఏర్పడి ప్రదర్శన మొనర్చెను. బొంబాయి నవ్యకళ యనగానే జనులు 1947లో వెలసిన ప్రగతిశీల చిత్రకారుల సంఘమును, అందలి సూజా, రజా, హుసేనులను తలంతురు. దానికి ఆఱేండ్లు ముందుగానే ఒక తెలంగాణ పల్లెవాడు ఆ దారిని త్రొక్కియుండెనని తెలిసినవారు తక్కువ. ఆ 1947 నాటి సంఘములో సైతము ఆరా అనునాతడు సికింద్రాబాదు చెంతనున్న బొలారమున 1914లో జన్మించినవాడే. ఆతడు బాల్యముననే బొంబాయి చేరి, ఇండ్లలో పనులు చేసి పొట్టపోసికొనుచు చిత్రకారుడైనాడు. తిరుమలరెడ్డి తరువాతి కాలమున తంత్రశాస్త్ర సంకేతములను, యంత్రములను ఆధారముగా చేసికొని నవ్యచిత్రములు రచించెను.

1940లో హైదరాబాదు నగరమున చిత్రకళాశాల వెలసెను. బొంబాయి, కలకత్తాలకు పోలేని తెలంగాణ బాలురకు దానితో తలుపులు తెఱచుకొనెను. వరంగల్లు ప్రాంతపు పెనుగొండ గ్రామమున పుట్టిన కొండపల్లి శేషగిరిరావు (1924-2012) అచ్చట చదివి, శాంతినికేతనమునకు పోయి నందలాల్ బోసు శిక్షణ పొంది, తిరిగి వచ్చి తాను చదివిన శాలలోనే గురువై శిష్యులను తయారు చేసెను. పురాణ గాథలతోపాటు దక్కను పీఠభూమి రాళ్ళను, గుట్టలను ఆయన శ్రద్ధతో చిత్రించెను.

సిద్ధిపేట ఉపాధ్యాయుడు

ఈ చరిత్రయందు దోమకొండ ప్రాంతమువారికి అన్నింటికంటె దగ్గఱి ఘట్టము కాపు రాజయ్యది. ఆయన 1925లో సిద్ధిపేటలో జన్మించి, హైదరాబాదులో చిత్రకళ నభ్యసించి, తిరిగి సిద్ధిపేటకే వచ్చి పాఠశాలలో చిత్రలేఖనోపాధ్యాయుడుగా పనిచేసెను. పేరుప్రఖ్యాతులు వచ్చిన పిమ్మటను ఊరు విడువలేదు. 1963లో అచ్చటనే లలితకళా సమితిని స్థాపించెను. 2012లో పరమపదించువఱకు ఆయన కార్యక్షేత్రము సిద్ధిపేటయే.

రాజయ్య నవ్యచిత్రకళను నేర్చినవాడు. నకాషీ పటమును ఎఱిగినవాడు. ఒకదానికొఱకు వేఱొకదానిని త్రోసిపుచ్చవలసిన పనిలేదని ఆయన గ్రహించెను. నకాషీవారి గట్టి గీతను, చదునైన వర్ణములను గైకొనెను. వారు పురాణ పురుషులను నిలిపిన చోట బోనమెత్తిన ఆడువారిని, బతుకమ్మ పేర్చువారిని, గొల్లలను, వడ్డెరలను నిలిపెను. పూర్వము పటమునందు దేవతలకు దక్కిన స్థానము పనిచేసికొని బ్రతుకు జనులకు దక్కెను. ఈ మార్పు చూచుటకు చిన్నది. కాని తెలంగాణమున నవ్యత యనదగినది ఏదైన కలదన్నచో అది యిదియే. ఇందు విదేశపు అనుకరణ లేదు. గతమునకు గ్రుడ్డిగా మ్రొక్కుటయు లేదు.

రాజయ్య తరువాతి తరమువారు ఈ దారిని మఱింత విస్తరింపజేసిరి. 1940లో పుట్టిన లక్ష్మాగౌడు, 1942లో పుట్టిన వైకుంఠము - ఇరువురును హైదరాబాదులో చదివి, బరోడా విశ్వవిద్యాలయమున కే.జీ. సుబ్రహ్మణ్యన్ వంటి గురువుల సాన్నిధ్యము పొందిరి. జానపద కళను తక్కువగా చూడరాదనుట సుబ్రహ్మణ్యన్ బోధలో ముఖ్యమైనది. లక్ష్మాగౌడు లోహపు రేకుపై గీతలు చెక్కి, ఆమ్లముతో కొఱికించి, కాగితముపై అచ్చొత్తు విద్యలో ఆరితేరెను. బాల్యమున చూచిన మేకలు, చెట్లు, స్త్రీపురుషులు ఆయన గీతలలో దాపరికము లేని జీవశక్తితో కనబడుదురు. 2016లో ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించినది. వైకుంఠము, బాల్యమున ఊరికి వచ్చిన నాటకములలో ఆడువేషము కట్టిన నటులను చూచి అబ్బురపడినవాడు. ఎఱ్ఱని పెద్దబొట్టు, నిండైన చీర, నల్లని మేని తెలంగాణ స్త్రీ ఆయన చిత్రములలో రాణివలె నిలిచినది. 1988 నాటి 'దాసి' చలనచిత్రమునకు కళాదర్శకత్వము వహించి ఆయన జాతీయ బహుమతి నందెను.

తీరని ఋణము

ఇట్లు నవ్య చిత్రకళ పారిసు, కలకత్తా, బొంబాయి, బరోడా తిరిగి చివరకు పల్లె వాకిట నిలిచినది. పల్లె తాను తక్కువగా చూచుకొన్న దానినే లోకము ఎక్కువగా చూడసాగినది. కాని ఈ కథ సంతోషముతో ముగియుటకు వీలులేదు. పల్లెనుండి తీసికొన్న బొమ్మ పల్లెకు తిరిగి రాలేదు. బోనమెత్తిన స్త్రీ చిత్రము నగరములలోని చిత్రశాలలందును, ధనవంతుల ఇండ్లలోను వ్రేలాడుచున్నది. బోనమెత్తిన స్త్రీ దానిని చూచియుండలేదు.

నకాషీల స్థితి ఇంకను ఆలోచింపదగినది. చేర్యాల పటమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. దానికి దేశదేశములందు కీర్తి కలదు. అయినను ఆ వృత్తిలో నేడు మిగిలిన కుటుంబములు కొలదియే. చలనచిత్రములు, దూరదర్శనము వచ్చిన పిమ్మట పటము విప్పి కథ చెప్పువారికి ఆదరణ తగ్గినది. కథకులు పటము కొనని కారణమున నకాషీలు నగరవాసుల గోడలకు తగిన చిన్న చిత్రములు, ముఖములు చేసి జీవించుచున్నారు. బట్ట మిగిలినది, రంగు మిగిలినది. బట్టతో కూడిన పాట క్రమముగా సన్నగిల్లుచున్నది. పటమును చిత్రశాల కాపాడగలదు. పాటను వినువారు తప్ప ఎవ్వరును కాపాడలేరు.

దోమకొండవారికి ఈ మాట క్రొత్తది కాదు. ఊరి నడుమ కోటయు, అందలి మహాదేవాలయమును చిరకాలము శిథిలమగుచుండగా, పూనికతో బాగుచేయుటచే 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారములలో ఆ కోటకు స్థానము లభించినది. రాతి సంపదను నిలుపుకొన్న ఊరు బట్టపైని సంపదను, నోటిలోని సంపదను కూడ నిలుపుకొనజాలును. దానికి గొప్ప ధనము అక్కఱలేదు. నకాషీ పటముల ప్రతులు, రాజయ్య, వైకుంఠముల చిత్రములు గల గ్రంథములు కొన్ని గ్రంథాలయమున నుండిన చాలును. పటము విప్పి కథ చెప్పువారిని సంవత్సరమున కొకమారు పిలిపించిన చాలును. వారి కథను వ్రాసి దాచినచో మఱియు మేలు.

గ్రంథాలయము పుస్తకముల కొట్టు మాత్రమే కాదు. ఊరు తన ముఖమును తాను చూచుకొను అద్దము. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్ల పాఠకుల అండ కలదు. ఆ పాఠకుల పిల్లలలో ఎవడైన ఒకడు, పలకపై బతుకమ్మ బొమ్మ గీచి, అది రవివర్మ బొమ్మవలె లేదని సిగ్గుపడి చెఱిపివేయబోవు క్షణమున, కాపు రాజయ్య చిత్రమును వానికి చూపగలిగినచో, ఈ చరిత్రలో తరువాతి ప్రకరణము దోమకొండలోనే ప్రారంభము కావచ్చును.